అమ్మన్న పేరుకు మీసాలు

ఒక నత్త పేరులో ఒక్క అక్షరం కోసం తన ప్రచురణను తానే ఆపించుకున్న మనిషిని మొండిదనడం సులువు. బిలాస్‌పూర్ రైల్వే క్వార్టర్లలో పుట్టి పెరిగిన ప్రసూన విషయంలో ఆ మాటను నేను అంగీకరించను.

ఆమె నాయనమ్మ పేరు అమ్మన్న. పుట్టింది శ్రీకాకుళం సముద్రతీరంలో. భర్తకు మనేంద్రగఢ్‌లో డ్యూటీ పడిన రోజుల్లో అక్కడి నది ఒడ్డున ఆమెకొక రాయి కనిపించింది. అందులో నత్తగుల్ల. సముద్రం లేని చోట గుల్ల ఏమిటని ఇంటికి తెచ్చి, తలుపు కొట్టుకోకుండా అడ్డం పెట్టుకుంది. భూగర్భశాస్త్రం చదివిన మనవరాలు దాని మీది రాతిపొరను సూదితో గీకి తొలగించింది. చుట్లు ఎడమకు తిరిగాయి. ప్రతి చుట్టు అంచునా గింజల వరుస ఉంది. ఈ రెండు లక్షణాలూ కలిసిన శిలాజ నత్త గ్రంథాలలో ఎక్కడా లేదు. అది కొత్త జాతి. దానికి ప్రసూన నాయనమ్మ పేరే పెట్టింది. లాటిన్ నియమం ప్రకారం స్త్రీ పేరైతే చివర 'ఏ', పురుషుడిదైతే 'ఐ' రావాలి. కనుక 'అమ్మన్నే'.

పరిశోధన పత్రికలో అచ్చుకు వెళ్లే ఆమె వ్యాసం ప్రతిలో మాత్రం 'అమ్మన్నై' అని ఉంది. దిద్దినవాడు ఆమె గైడు తిరుపతయ్య, కరీంనగర్ మనిషి.

"అన్న అంటే మగాయన గదమ్మా. నువ్వు తప్పు రాసినవనుకున్న."

"మా వైపు అమ్మన్న ఆడవాళ్ల పేరు సార్. మా నాయనమ్మ."

"అచ్ఛా. పోనీ, ఒక్క అక్షరమే గద. ఇప్పుడు ఆపితే ఈ సంచిక తప్పుతది. ఇదే నత్త మీద ఇంకోళ్లు గూడ రాస్తున్నరు. వాళ్లది ముందుగాల అచ్చయితే వాళ్లు పెట్టిన పేరే నిలుస్తది."

"నిలవనివ్వండి. ఈ పేరుతో మాత్రం వెళ్లదు."

నా దృష్టిలో అది అచ్చుతప్పు కాదు, తప్పుడు సాక్ష్యం. చదివిన ప్రతివాడూ ఆ రాయిని ఎవరో పురుషుడు కనిపెట్టాడనే నమ్ముతాడు.

సంగతి విని అమ్మన్న నవ్వింది. "ఏటే, నా పేరుకి మీసాలెట్టీసినారా? గొరిగీ. ఆలీసమైతే అవనీ."

సంచిక తప్పింది. తరువాతి సంచిక వచ్చేదాకా ప్రసూన ఆ రెండోవాళ్ల వ్యాసం కోసం రోజూ వెతికేది. అది రాలేదు. పత్రిక చేతికందాక అమ్మన్న పక్కన కూర్చుని పేరు చదివి వినిపించింది.

"అమ్మన్నే."

"మరి నానే గదేటి," అంది అమ్మన్న. "ఇంకెవులు తెచ్చినారు?"