డ్రైవర్ సీట్లో మట్టి బస్తా

పిన్ని మంగళవారం పొద్దున రాజమండ్రిలో ఆసుపత్రిలో చనిపోయింది. అమ్మ ఫోన్ చేసేసరికి నేను కడియంలో మా నర్సరీ దగ్గర క్రోటన్ మొక్కలు లారీకి ఎక్కిస్తున్నాను. "మీ పిన్ని వెళ్లిపోయిందిరా" అంది అమ్మ. లోడు సగంలో ఉంది. ఆపలేదు. మిగతా సగం కూడా ఎక్కించి, తాళ్లు బిగించి, చేతులు కడుక్కుని బయల్దేరాను. నా చోట పిన్ని ఉన్నా అదే చేసేది.

ఇలాంటివి రాసే అలవాటు నాకు లేదు. చర్చిలో పెట్టిన జ్ఞాపకార్థ కూడికలో ఒకాయన అన్న మాట వల్ల రాస్తున్నాను. ఆయనకి రాజమండ్రిలో టైర్ల షోరూం ఉంది. చక్రాల అలైన్‌మెంటు చూసే పెద్ద మిషను కూడా ఉంది. పిన్ని, ఆయనా ఒకే కార్ల గ్రూపులో ఉండేవారు కాబట్టి పాస్టరు గారు మైకు ఇచ్చారు. "మేడమ్ గారికి కార్లంటే ప్రాణమండి. అలైన్‌మెంటు అంటే ఏంటో ఆవిడకి మొదట్నుంచీ నేర్పించింది నేనేనండి" అని ఆయన జేబురుమాలు తీశాడు.

నేను లేచాను. అమ్మ నా చొక్కా పట్టుకుని లాగింది. "కూర్చోరా. పాస్టరు గారు చూస్తున్నారు."

కూర్చున్నాను. ఆ రోజు లేచి చెప్పవలసిందే ఇక్కడ చెబుతున్నాను.

పిన్ని మిషన్ హైస్కూల్లో ఫిజిక్స్ చెప్పేది. పెళ్లి చేసుకోలేదు. చాక్‌పీసు పట్టుకున్నట్టే స్టీరింగు కూడా మూడు వేళ్లతో పట్టుకునేది. రిటైరయ్యాక కాకినాడలో ఒక డాక్టరు గారు అమ్మేస్తుంటే రెండే సీట్లున్న ఎర్ర స్పోర్ట్స్ కారు కొంది. పాతది. అప్పటికే స్ప్రింగులు మార్చి కిందికి దించేసి ఉంది. నేల మీద పాకుతున్నట్టుండేది. ప్రతి ఊరి మొదట్లో, ప్రతి బడి ముందర స్పీడు బ్రేకరు ఉన్న సీమలో అలాంటి కారు! పిన్ని సీటు వెనకాల రెండు కర్ర పలకలు పెట్టుకు తిరిగేది. బ్రేకరు రాగానే దిగి పలకలు వేసేది, ఎక్కి కారు దాటించేది, మళ్లీ దిగి పలకలు తీసేది. వెనక ఆటోవాళ్లు హారన్లు కొడితే "ఆగండయ్యా, వంతెన కడుతున్నాను" అనేది. చర్చిలో ఆడవాళ్లు నవ్వేవారు. "టీచరు గారూ, ఈ వయసులో ఇదేంటండి?" అంటే, "మోకాళ్లు బాగున్నాయండి, అందుకని" అనేది.

ఆ కారుని చెన్నై అవతల రేసు ట్రాకు మీద నడపాలని పిన్ని కోరిక. రాజమండ్రి, కాకినాడల కార్ల గ్రూపువాళ్లు అప్పుడప్పుడూ అక్కడికి వెళ్తుంటారు. ఒక్కొక్కరే తిరిగి, ఎవరు ఎంత తక్కువ టైములో చుట్టొచ్చారో చూసుకుంటారు. వెళ్లే ముందు పిన్ని ఆ షోరూంకి వెళ్లింది. నేను పక్కనే ఉన్నాను. ఏం కావాలో స్పష్టంగా చెప్పింది. కారు దించితే చక్రాల కోణాలన్నీ మారిపోతాయి. ట్రాకు మీద గట్టిగా తిప్పినప్పుడు కారు పక్కకి ఒరుగుతుంది కాబట్టి చక్రాల పైభాగం ముందే బాగా లోపలికి వాలి ఉండాలి. దాన్ని క్యాంబర్ అంటారు. ముందు చక్రాల ముందంచులు వెంట్రుకవాసి బయటికి చూడాలి, వెనక చక్రాలవి కాస్త లోపలికి చూడాలి. అది టో. బోల్టులు ఎంతవరకు తిరిగితే అంతవరకు ముందు క్యాంబర్ పెట్టండి, వెనక దానికంటే కొంచెం తగ్గించండి అంది.

"అలాగేనండి మేడమ్ గారూ. మీరు ఏసీలో కూర్చోండి" అన్నాడాయన. అన్నీ రాసుకున్నట్టే తలాడించాడు.

ట్రాకు మీద రెండో చుట్టులోనే మలుపు దగ్గర కారు తిరగనంది. పిన్ని స్టీరింగు తిప్పింది, ముందు చక్రాలు జారుకుంటూ తిన్నగా పోయాయి. టైర్ల గోడకి కొట్టింది. మణికట్టు విరిగింది. షోరూమాయన కూడా అక్కడే ఉన్నాడు, తన పెద్ద కారుతో. ఫోన్లో తీసిన వీడియోని ఆ సాయంత్రమే గ్రూపులో పెట్టాడు. కింద "ఫిజిక్స్ మేడమ్ గారి ప్రాక్టికల్స్" అని రాసి నవ్వే బొమ్మలు పెట్టాడు. అది మర్నాటికి చర్చి గ్రూపులోకి వచ్చింది. ఆదివారం పిన్ని చేతికట్టుతో వెళ్లి ముందు బెంచీలోనే కూర్చుంది.

కట్టు ఉండగానే మా నర్సరీ షెడ్డులో కారు పెట్టించి, చక్రాలు కొలిపించింది. క్యాంబర్ దాదాపు ఏమీ లేదు. ముందు చక్రాలు లోపలికి చూస్తున్నాయి. అంటే మామూలు రోడ్డు సెట్టింగు. మేం మళ్లీ షోరూంకి వెళ్లాం.

"నేను చెప్పింది చెయ్యలేదేమండి?" అంది పిన్ని.

"ట్రాకు సెట్టింగు పెడితే టైర్లు లోపలివైపు అరిగిపోతాయి మేడమ్. బజారుకీ చర్చికీ తిరిగే బండి కదండీ. మీ మంచికేనండి."

"మరి చేస్తానన్నారు?"

"మీరు అంత ముచ్చటపడుతుంటే కాదనలేక..." అని నవ్వాడు. అక్కడున్న పనివాళ్లు కూడా నవ్వారు.

పిన్ని బయటికొచ్చి కారెక్కింది. నర్సరీ గేటు దగ్గర అంది: "ఒరేయ్, వాడి టైముని కొట్టాలి. వాడి కళ్లముందు కొట్టాలి."

"పిన్నీ, క్షమించమని కదా మీరు ఆదివారం బడిలో చెబుతారు?"

"క్షమిద్దాం. ముందు గెలుద్దాం, క్షమించడం తర్వాతి సంగతి."

ఇది మూడేళ్ల కిందటి మాట. ఆ తర్వాత పిన్ని కారుని ఏ షోరూంకీ పంపలేదు.

మొక్కల వరసలు తిన్నగా రావడానికి మేం వాడే నైలాను తాడునే కారుకి రెండువైపులా సమానదూరంలో కట్టేది. తాడు నుంచి చక్రం ముందంచుకీ వెనకంచుకీ స్కేలుతో కొలిస్తే టో తెలిసేది. చక్రానికి బద్ద ఆనించి, దానిమీద వాలు చూపించే యాప్ తెరిచి ఫోను పెడితే క్యాంబర్ తెలిసేది. చక్రాల కింద టైలు ముక్కలు, వాటి మీద మొక్కలు పెట్టే నల్ల పాలిథిన్ సంచులు రెండేసి వేసి నూనె రాసేది. బోల్టు తిప్పినప్పుడు చక్రం బిగుసుకోకుండా జారాలని.

నడిపేవాళ్ల బరువు కూడా సీట్లో ఉండాలి. బరువు పడితే కారు ఇంకొంచెం దిగుతుంది, కోణాలు మారతాయి. పిన్ని కొలిచేటప్పుడు సీట్లో కూర్చోలేదు కదా. అందుకని కాటా మీద తను ఎక్కి చూసుకుని, అంత బరువు ఎర్రమట్టి బస్తాలో నింపించి సీట్లో కూర్చోబెట్టేది.

"ఇంతుందా పిన్నీ?" అన్నాను మొదటిసారి బస్తా ఎత్తుతూ.

"నోరు మూసుకుని ఎత్తు. మీ అమ్మకి చెప్పావంటే తంతాను."

సెట్టింగు ఎంచుకోవడం దగ్గర మాకు చాలా వాదన జరిగింది. మధ్యస్థంగా పెడదాం, రోడ్డుకీ ట్రాకుకీ పనికొస్తుంది, టైర్లు కూడా మిగుల్తాయి అన్నాను. పిన్ని ఒప్పుకోలేదు. "వాడు చేసింది అదే కదరా. మనకి ఏం కావాలో వాడే అనేసుకున్నాడు. నాకు టైర్లు మిగలక్కర్లేదు." రోడ్డు మీద కారు ప్రతి గాడి వెంటా పోయేది. చెయ్యి వదిలితే చాలు, కాలవలోకి చూసేది. పిన్ని దాన్ని అలాగే నడుపుకుంటూ కూరగాయలకి వెళ్లేది.

ఆ పద్ధతిలో మొదటిసారి కట్టిన లెక్క తప్పింది. తప్పు పిన్నిదే. మా షెడ్డు కాలవ గట్టుని ఆనుకుని ఉంటుంది. నేల సమంగా ఉందో లేదో గొట్టంలో నీళ్లు పోసి చూసి, పల్లమున్న చోట టైలు ముక్కలు ఎత్తుపెట్టి, సిమెంటుతో అతికించేసింది. అది కాలవ నిండుగా ఉన్నప్పుడు. ఎండాకాలం కాలవ కట్టేశారు. నల్లరేగడి ఎండి, బీటలిచ్చి, కాలవ వైపు నేల ఒక వేలి మందం దిగిపోయింది. మేం చూసుకోలేదు. ఆ నేల మీదే కారు పెట్టి, తాడు కట్టి, కోణాలు సరిచేసి, లారీలో మొక్కల కుండీల వెనక ఎక్కించి తీసుకెళ్లాం. ట్రాకు మీద కుడి మలుపుల్లో కారు అతుక్కుపోయింది. ఎడమ మలుపుల్లో జారింది. షోరూమాయన టైము దరిదాపుల్లోకి కూడా రాలేదు.

"ఈసారి గోడ బతికిపోయిందండి మేడమ్ గారూ" అన్నాడాయన.

పిన్ని ఇంటికొచ్చి షెడ్డు నేల మీద మళ్లీ గొట్టంలో నీళ్లు పోసి చూసింది. "నలభై ఏళ్లు డెల్టాలో బతికి, కాలవ కట్టేస్తే మట్టి దిగుతుందని మర్చిపోయాను" అంది. అతికించిన టైలు గునపంతో తనే పీకేసింది. "ఇకనుంచి తాడు కట్టే ముందు ప్రతిసారీ నీళ్లు పోసి చూడాలి. నిన్న చూశాం అన్నావంటే ఊరుకోను."

తర్వాత జబ్బు వచ్చింది. కడుపులో. దాని గురించి ఎక్కువ రాయను. వైద్యం మధ్యలో కూడా షెడ్డుకి వచ్చేది. కాటా ఎక్కి చూసుకుని, "బస్తాలోంచి రెండు తట్టలు తియ్యరా" అనేది. తీసేవాణ్ణి. మళ్లీ వచ్చినప్పుడు మళ్లీ తియ్యమనేది. తీసిన మట్టిని మొక్కల్లో వేసేవాళ్లం. బస్తా మూతి కిందికి కిందికి కట్టుకోవలసి వచ్చేది. ఒకరోజు ఒంటిచేత్తో ఎత్తి సీట్లో పెట్టాను. పిన్ని చూసి, తాడు చుట్ట అందుకుంది.

పోయిన ఫాల్గుణంలో తాడు పట్టుకుని కూర్చుని, "బస్తా దించెయ్. నువ్వు కూర్చో" అంది.

"నేనెందుకు పిన్నీ?"

"నడిపేవాడి బరువు ఉండాలి కదా."

నేను సీట్లో కూర్చున్నాను. ఆవిడే నేల మీద పాకుతూ నాలుగు చక్రాలూ కొలిచింది. బోల్టులు తిప్పే బలం లేక, "అర పిసరు. ఇంకో పిసరు. ఆఁ, ఆపు" అంటూ మా నర్సరీ మనిషి చేత తిప్పించింది. ముందు క్యాంబర్ మూడు డిగ్రీలకి కాస్త తక్కువ. మిగతావి ఇక్కడ రాయను. అవి ఆ షోరూంలో కూడా చదువుతారు.

అయ్యాక నా వైపు చూడకుండా అంది: "వాడిని ఎక్కడా తిట్టకు. చెయ్యెత్తకు. వాడి టైము కంటే తక్కువ రావాలి, అంతే. వాడు అక్కడ ఉన్న రోజే రావాలి. లేకపోతే నువ్వు గెలిచినా లెక్క కాదు."

ఆ తర్వాత ఆవిడ షెడ్డుకి రాలేదు.

కూడిక అయిన మర్నాడు గ్రూపులో కబురొచ్చింది, ఫలానా ఆదివారం ట్రాకుకి వెళ్తున్నామని. షోరూమాయన పేరు కూడా ఉంది. నేనూ వస్తానని పెట్టాను. అప్పటికి కాలవ కట్టేసి ఉంది. పిన్ని చేతులతో పెట్టిన సెట్టింగుని ముట్టుకోవాలనిపించలేదు. అయినా గొట్టంలో నీళ్లు పోశాను. కాలవ వైపు నేల దిగింది. అదే వేలి మందం. ఆ రోజు ఫాల్గుణంలో నేల ఎలా ఉందో అలా వచ్చేదాకా టైలు ముక్కలు పేర్చాను. కొత్త బస్తాలో నా బరువు మట్టి నింపి సీట్లో పెట్టాను. పిన్ని బస్తాలోనే ఇంకొంత మట్టి కలపలేదు. తాడు కట్టి కొలిచాను. పిన్ని పెట్టింది పెట్టినట్టే ఉంది. ఒక్క బోల్టు కూడా తిప్పవలసిన పని పడలేదు.

ఆదివారం ట్రాకు మీద నాలుగో చుట్టులో ఆయన టైము కంటే తక్కువ వచ్చింది. ఎక్కువ తేడా ఏం లేదు. ఆయన అప్పుడు గట్టు మీద నిలబడి చూస్తున్నాడు. నేను దిగాను. హెల్మెట్ తీసి మంచినీళ్లు తాగుతున్నాను. ఆయన మళ్లీ బండెక్కి మూడు చుట్లు తిరిగాడు. నా టైము రాలేదు. టైర్లు పొగలు కక్కుతూ వచ్చి ఆపాడు. కాసేపటికి మా కారు దగ్గరికి వచ్చాడు. గ్రూపువాళ్లంతా అక్కడే ఉన్నారు, వాళ్లలో సగం మంది కూడికకి వచ్చినవాళ్లే. ఆయన మోకాళ్ల మీద కూర్చుని, ముందు చక్రం లోపలికి వాలిన వాలు చూశాడు. చేత్తో టైరు తడిమాడు. లోపలి అంచు నుంచి బయటి అంచు దాకా ఒకేలా వేడెక్కింది. ఆయనకి అది అర్థమవుతుంది. పని తెలియనివాడేం కాదు.

"బాగా పట్టింది. ఎంత పెట్టారండీ?" అన్నాడు.

"మీరే కదండీ మా పిన్నికి నేర్పించింది. మీకు తెలియదా?"

ఎవరో వెనక నుంచి దగ్గారు. ఆయన లేచి మోకాళ్లకంటిన దుమ్ము దులుపుకున్నాడు. ఇంకోసారి దులుపుకున్నాడు. వెళ్లిపోయాడు.

గెలిచాక క్షమించాలన్నది పిన్ని. ఆ రెండో పని నా చేత కావడంలేదు. పిన్ని ఉంటే ఆవిడ చూసుకునేది.

కారుని రోడ్డు సెట్టింగుకి మార్చలేదు. టైర్లు లోపలివైపు అరుగుతున్నాయి, అరగనిస్తున్నాను. శనివారాలు పనుండి రాజమండ్రి వెళ్తాను. వేరే దారి ఉన్నా షోరూం ఉన్న రోడ్డునే వెళ్తాను. దాని ముందే స్పీడు బ్రేకరు ఉంది. కారు ఆపి, దిగి, పిన్ని పలకలు రెండూ తీసి ఒక్కొక్కటే వేస్తాను. వెనక హారన్లు మోగుతాయి. ఆయన కౌంటరు నుంచి తలెత్తుతాడు. పక్క సీట్లో పిన్ని ఆఖరి బరువు బస్తా ఉంటుంది. దొర్లిపోకుండా దానికి బెల్టు పెట్టాను.