సున్నా అంటే లేనట్టు కాదు

మహాశయులారా, ముందుగా వెయ్యి దండాలతో క్షమాపణ. మాకు సి లాంగ్వేజి చెప్పిన సారు పోయిన మంగళవారం గుండె ఆగి చనిపోయారు. ఆయన్ని కీర్తించదగ్గ ఉత్తమోత్తమ శైలి ఈ అల్పుడి దగ్గర లేదు. మా క్లాసు గ్రూపులో మాత్రం శోకానికి కొదవ లేదు. వార్త వచ్చిన పది నిమిషాల్లో నలభై జతల చేతులు జోడించారు. అన్నీ ఫోనులో ఉండే పసుపుపచ్చ చేతులే.

ఒక పేరులో ఫలానా అక్షరం ఉందో లేదో వెతకడానికి సి లో రెడీమేడ్ ఫంక్షన్ ఉంది. సారు దాన్ని నెల రోజులు ముట్టనివ్వలేదు. "అది యాడికి పోదు. ముందుగాల మీరే ఒక్కొక్క అక్షరం పట్టుకొని నడువున్రి" అనేవారు. బోర్డు మీద పేరు రాసి, అక్షరం మీద వేలు పెట్టి, "ఇదేనా? కాదు. నడువు" అంటూ సాగేవారు. ఓపెన్‌కాస్టు బొగ్గుగనిలో పేలుడు జరిగి కిటికీలు అదిరితే వేలు అక్కడే ఉంచి, అదురు ఆగాకే తర్వాతి అక్షరానికి వెళ్లేవారు.

బజారులోనూ అదే రోగం. ఒకసారి షేర్ ఆటోలో నా పక్కన కూర్చుని, "గా మెడికల్ షాపు బోర్డుల 'డి' ఊడింది సూడు. మెకల్ షాపట. మేకలకు మందులిస్తరు కావచ్చు" అన్నారు.

ల్యాబులో ఒకరోజు నా ప్రోగ్రాం తయారైంది. పేరు, అక్షరం ఇస్తే 'ఉంది', 'లేదు' అని చెప్పాలి. సారు వచ్చి, "మీ నాయిన పేరు కొట్టు. మొదటి అక్షరం ఎతుకు" అన్నారు. తెర మీద 'లేదు' అని పడింది.

"ఏందిరా, మీ నాయిన పేరుల మొదటి అక్షరమే లేదట! ఫస్టు షిఫ్టుకు పోంగ బాయిల పడిపొయిందా?"

క్లాసంతా ఒకటే నవ్వు. మా నాయన నిజంగానే బొగ్గుబాయి మనిషి. నవ్వు ఆగాక సారు కీబోర్డు మీదికి వంగి మెల్లగా చెప్పారు. "సి ల లెక్క సున్నాకాంచి షురువైతది, మొదటి అక్షరం నంబరే సున్నా. నువ్వేమో సున్నా కన్న ఎక్కువైతేనే ఉన్నదని రాసినవ్. సున్నా అంటే లేనట్టు కాదు బిడ్డా, అందరికన్న ముందున్నట్టు."

నాకు నవ్వొక్కటే వినిపించింది.

వారం తిరక్కముందే కాలేజీ ఆఫీసుకు ఒక కాగితం చేరింది. ఈ సారు సిలబస్ పూర్తి చెయ్యరు, తల్లిదండ్రులను అవమానిస్తారు అని. కింద నలభై సంతకాలు. సెమిస్టరు మధ్యలోనే సారును పంపేశారు. పాఠం చెప్పమని ఆయన్ని మళ్లీ ఎవరూ పిలవలేదు. రోజూ పెద్దపల్లి బస్సెక్కి, ఏదో ఆఫీసులో ఎవరివో ఉత్తరాలు టైపు చేసి వచ్చేవారు. బస్టాండులో కనిపిస్తే, "ప్రోగ్రాం మంచిగైందారా?" అని మాత్రమే అడిగేవారు. అయిందనే చెప్పేవాడిని.

మొన్న వాళ్లింటికి వెళ్లాను. సారు భార్య నా చేతికి చాయ్ ఇచ్చి ఎదురుగా కూర్చున్నారు.

"గా కాయిదం ఎవరు రాసిన్రో నీకెరికేనా బిడ్డా? సంతకాలు పెట్టినోళ్ల మీద నాకు కోపం లేదు. రాసినోన్ని ఒక్కసారి సూడాలని ఉన్నది. ఆయన్ని ఎన్నిసార్లు అడిగినా, దొరకలేదని నవ్వెటోడు."

"తెల్వదమ్మా" అన్నాను.

"పోనీ తియ్యి. చాయ్ సల్లగైతది, తాగు."

తాగాను. గ్లాసు ఖాళీ అయ్యేదాకా ఆమె నా ముఖంలోకి చూస్తూనే ఉన్నారు.

సంతకాలు తప్ప, ఆ కాగితం మొత్తం రాసింది నేనే.