మామయ్య సమ్మె

ఆరేళ్ళుగా ఒక తప్పు మోస్తున్నాను. ఫోనులో ఒకచోట నొక్కాను, అంతే. అంత చిన్నదే అయితే ఇన్నేళ్ళు ఎందుకు దాచాను? మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీకు చెబుతున్నాను.

మా మామయ్య, అంటే మా ఆయన నాన్నగారు, ఉక్కు కర్మాగారంలో పనిచేసి రిటైరయ్యారు. యూనియన్ మనిషి. హిందీ మాట్లాడే ఊళ్ళో, ఖుర్సీపార్ బస్తీలోని మా రెండు గదుల ఇంట్లో తెల్లారి ఐదింటికే ఆయన ఫోనులో పాటలు మోగేవి. పాట వెతుక్కోవడం ఆయనకు రాదు, పాటల యాప్ ఏది వేస్తే అదే వినేవారు. శ్రీకాకుళం వైపు జానపదాలు పాడే ఒకావిడ గొంతంటే ఆయనకు ప్రాణం. యాప్ అది కనిపెట్టి రోజూ ఆవిడనే వేసేది. అప్పుడే కునుకు పట్టిన మా పసిది ఉలిక్కిపడి లేచేది. ఒకరోజు ఆయన స్నానానికి వెళ్ళినప్పుడు, 'ఈ గాయని పాటలు వద్దు' అన్నచోట నొక్కేశాను. సౌండు తగ్గించమంటే తగ్గించేవారే. అడగడానికి మొహమాటపడ్డాను, నొక్కడానికి పడలేదు.

వారం చూసి అడిగారు.

"ఏటమ్మా, ఆ తల్లి పాట రాట్లేదేటి?"

"యాప్ వాళ్ళే తీసేసినట్టున్నారు మామయ్యా."

"పెద్దోళ్ళ పాటల కోసం పేదోళ్ళని తోసీసినారన్నమాట. ఇది అన్యాయం కాదేటి? కంపెనీకి సిట్టీ రాద్దాం. హిందీలో నువ్వే రాయమ్మా."

రాశాను. నేను చేసిన పనికి నేనే ఫిర్యాదు రాశాను. ఆయన ఎండలో తిరిగి తోటి పెన్షనర్ల చేత సంతకాలు పెట్టించుకొచ్చారు. న్యాయం జరిగేదాకా ఆ యాప్ ముట్టనని సమ్మె కట్టారు. నాకు భయమేసి, నొక్కింది వెనక్కి తిప్పేసి, పాటలు మళ్ళీ పెట్టారట మామయ్యా అన్నాను. కాగితం మీద జవాబు రాకుండా సమ్మె విరమించడం యూనియన్ పద్ధతి కాదన్నారు. ఆయనది ఉడుంపట్టు. ముఖమైనా చూడని గాయని కోసం తనకిష్టమైన పాటే మానుకున్నారు. అలాంటి మనిషి మీద ప్రేమ కలగకుండా ఎలా ఉంటుంది? అంత ప్రేమున్నదాన్ని నిజం ఎందుకు చెప్పలేకపోయాను? వచ్చినవాళ్ళందరికీ, మా కోడలే రాసిందని ఆయన గొప్పగా చెబుతుంటే టీ పెట్టే వంకతో లోపలికి పోతాను.

ఇంకో మాట మిగిలింది. అసలు తప్పు అదే. మేం తీయలేదని కంపెనీ వాళ్ళు రాస్తే దొరికిపోతానని, పోస్టులో వేయమని మామయ్య నాకిచ్చిన ఆ ఉత్తరం నేను వేయలేదు. బీరువాలో, పాప పాత గౌన్ల కింద ఉంది. జవాబు కోసం మామయ్య ఇంకా చూస్తున్నారు.

ఆయనకు ఎప్పుడు చెబుతానో తెలియదు. మీతో అన్నాక మాత్రం కాస్త ఊపిరాడుతోంది.