తలుపు మనది, లోపల ఇంకొకరిది

మా అవ్వ నాగరత్న టీవీ ముందు కూర్చుంటే త్రాసు ముందు కూర్చున్నట్టే. కేజీఎఫ్‌లో, ఛాంపియన్ రీఫ్స్ బజారులో తాతతో కలిసి ఏళ్ళ తరబడి కిరాణా అంగడి నడిపిన మనిషి. ఏ కార్యక్రమమైనా ఆమెకు సరుకే. శుక్రవారం తెలుగు చానల్లో కామెడీ వస్తుంది. "బేడల కంటే రాళ్ళే ఎక్కువుండాయి" అని తేల్చేస్తుంది. శనివారం కన్నడ చానల్లో క్రైం వస్తుంది. "తూకం సరిగ్గానే ఉండాది గానీ, పురుగు పట్టిన సరుకు" అంటుంది. అలాగని ఒక్క వారం కూడా మానదు.

కామెడీలో ఆమెకు పడనివాళ్ళు ఇద్దరు. ఒకరు, జడ్జి కుర్చీలో కూర్చుని నవ్వే ఆవిడ. "జోకు వాని నోట్లోంచి బయటికి రాలేదు, ఈమె అప్పుడే నవ్వతా ఉండాది. ముందే ఇంటికి పంపించినారా ఏం?" రెండోవాడు, ఎప్పుడూ చీర కట్టుకుని వచ్చే మగవాడు. "కుచ్చిళ్ళు కుడిపక్కకి దోపినాడు చూడు. వానింట్లో చెప్పేదానికి ఒక ఆడది లేదా?"

క్రైంలో మొదటి యాడ్ రాకముందే హంతకుడెవరో చెప్పేస్తుంది. పోలీసులకు కాఫీ తెచ్చిచ్చినవాడే అని ఆమె లెక్క. అది తప్పితే, కథ రాసినవాడిదే తప్పు. చచ్చినవాడి మీద మాత్రం జాలి పడదు. "కడుపు పైకీ కిందికీ ఆడతా ఉండాది, వీడేం శవం!"

ఇదంతా మామూలు రోజుల సంగతి. బంగారు గని మట్టి పోసిన మా ఊరి సైనైడ్ దిబ్బలు కనపడ్డాయంటే అవ్వకు హంతకుడూ వద్దు, శవమూ వద్దు. గని మూతబడ్డాక ఆ ఖాళీ వీధుల్లో తరచుగా షూటింగులు జరుగుతుంటాయి. అవ్వ టీవీకి జానెడు దూరంలో కూర్చుని, "జరుగప్పా, కొంచెం జరుగు" అని ఇన్‌స్పెక్టర్‌ని బతిమాలుతుంది, వాడి వెనకున్న గోడ ఎవరిదో చూడాలని.

ఒక శనివారం ఆ ఇన్‌స్పెక్టర్ నిజంగానే జరిగాడు. వెనక పలకల తలుపున్న ఒక అంగడి కనిపించింది. అవ్వ లేచి నిలబడింది.

"జయరాం! మన అంగడి రా అది!"

మా నాన్న ఫోనులోంచి తల ఎత్తలేదు. "పలకల అంగడి కోలారు జిల్లాలో మనదొక్కటేనా అమ్మా?"

"రేకు చూడు రా. ఎలకలు కొరికిన పలకకి మీ నాయన నూనె డబ్బా చించి కొట్టినాడే, అదే రేకు. నడిమి పలకని తీసి కొసకు పెట్టినారు పిచ్చోళ్ళు."

రేకు నాకూ కనిపించింది. ఇన్‌స్పెక్టర్ పిస్తోలు తీసి, పలక మీద చెయ్యి వేశాడు. అంతే, బొమ్మ ఆగిపోయింది. మిగతాది వచ్చే వారమట.

ఆ పలకల వెనక ఏముందో చూడాలన్నది అవ్వకు కొత్తగా పుట్టిన కోరిక కాదు. గని మూతబడి బజారు పలచబడినా, మిగిలిన నాలుగు ఇళ్ళ కోసం తాత వెంకటరామప్ప అంగడి తెరుస్తూనే ఉండేవాడు. ఒకరోజు పొద్దున అక్కడే గుండె పట్టుకుని కూలిపోయాడు. అంగడి నుంచి కోలారు ఆసుపత్రికి తీసుకువెళ్ళారు. మళ్ళీ రాలేదు. అవ్వ ఆ ఏడాదంతా గడప దాటలేదు. ఈలోపు నాన్న అంగడిని డెన్నిస్ అనే ఆయనకు అమ్మి, మమ్మల్ని తన ఫ్యాక్టరీకి దగ్గరగా, కోలారు పక్కనున్న తమక అనే ఊరికి తెచ్చేశాడు. తర్వాత ఒకసారి అవ్వ, "అంగడి చూసొస్తాను రా" అంది. "గోడలు తప్ప ఏముండాదమ్మా అక్కడ? పోయి ఏడ్చేదానికా?" అన్నాడు నాన్న. అవ్వ మళ్ళీ అడగలేదు.

ఇప్పుడు నాన్నను అడిగే పని లేకుండా పోలీసులే తలుపు తెరుస్తున్నారు!

ఆ వారమంతా పాలామెకూ పక్కింటివాళ్ళకూ ఇదే వార్త. "హంతకుడు ఎవరంటావు అవ్వా?" అని పాలామె అడిగితే, "ఎవడైతే నాకేం? మా ఆయన కూర్చునే తావు చూపిస్తారు" అంది.

శనివారం తల దువ్వుకుని, ఇస్త్రీ చీర కట్టుకుని కూర్చుంది.

"అవ్వా, లోపలికి పొయ్యేది పోలీసోడు. నువ్వు కాదు" అన్నాను.

"సుమ్మనుండు వర్షా, నోరు ముయ్యి. పలక తీస్తా ఉండాడు."

పలక జరిగింది. లోపల పెద్ద హాలు. ఎర్ర బల్బులు, పొగ, వరసగా పీపాలు. మూల నుంచి పైకి ఇనుప మెట్లు. ఆ మెట్ల మీంచి ఎవడో దూకాడు.

"మెట్లా?" అంది అవ్వ. "మన అంగట్లో మెట్లు యాడుండాయి?"

"తాత నీకు చెప్పకుండా మేడ కట్టించినాడేమో."

అవ్వ నన్ను కొట్టలేదు. ఆమె కొట్టలేదంటే భయపడాలి. ఇంకాసేపు చూసింది, పొగ తగ్గితే అయినా కనపడుతుందేమోనని. తర్వాత లేచింది. "తలుపు మనది, లోపల ఇంకొకరిది. కల్తీ" అంటూ వంటింట్లోకి వెళ్ళిపోయింది. కాఫీ ఇచ్చినవాడే హంతకుడని తేలింది. పరుగెత్తి చెప్పాను. "కానీలే" అంది, అంతే.

మళ్ళీ శుక్రవారం వచ్చింది. నేను కావాలనే టీవీ గట్టిగా పెట్టాను. "అవ్వా, కుచ్చిళ్ళు ఇయ్యాల కూడా కుడికే!" అని అరిచాను. వంటింట్లోంచి గిన్నెల చప్పుడు తప్ప ఏమీ రాలేదు. కుర్చీలో ఆవిడ నవ్వుతూనే ఉంది. అవ్వ తిట్టకపోతే ఆ కామెడీని ఉప్పు లేని సంగటిలా మింగాల్సి వచ్చింది.

నాన్న ఫోనులోంచి డెన్నిస్ నంబరు తీసుకోవడం నాకు పెద్ద పని కాదు. ఆదివారం అవ్వను కురుడుమలె వినాయకుడి దగ్గరికి తీసుకువెళుతున్నానని ఇంట్లో చెప్పాను. నాన్న సంతోషించి టెంకాయ కూడా కొని ఇచ్చాడు. బస్సు బంగారపేట దాటేదాకా అవ్వ కూడా నమ్మింది.

"ఈ బస్సు కురుడుమలెకు పోదు కదే!"

"వినాయకుడు ఇల్లు మారినాడవ్వా."

నన్ను ఒకసారి చూసింది. తర్వాత కిటికీవైపు తిరిగి, చెంగుతో ముఖం తుడుచుకుని, చెంగు సర్దుకుంది. దిబ్బలు కనిపించేదాకా ఆ కిటికీ వదల్లేదు.

డెన్నిస్ అంకుల్ చర్చి నుంచి నేరుగా వచ్చి మా కోసం నిలబడి ఉన్నాడు. "రాండమ్మా. షూటింగోళ్ళు వాకిట్లో మాత్రమే తీసుకున్నారు. లోపల చీకటని వద్దన్నారు" అంటూ పలకలు తీశాడు. ఆయన షామియానాలు, కుర్చీలు బాడుగకు ఇస్తాడు. లోపల ప్లాస్టిక్ కుర్చీలు కప్పుదాకా పేర్చి ఉన్నాయి. అరలు లేవు, సంచులు లేవు. గోడలన్నీ తెల్లటి సున్నం. నాన్న అన్నది నిజమేనేమో, పొరపాటు చేశానేమో అనిపించింది.

అవ్వ కుర్చీల సందులోంచి నడిచి, మూలనున్న తిన్నె దగ్గర ఆగింది. తాత గల్లాపెట్టె పెట్టుకుని కూర్చునేది దాని మీదే. వెనక తెల్లటి గోడ మీద ఒక్కచోట, అరచెయ్యంత, గుండ్రంగా పసుపుపచ్చ మరక ఉంది.

డెన్నిస్ అంకుల్ నొచ్చుకున్నాడు. "ఎన్నిసార్లు సున్నం కొట్టించినా అదొకటి పోదమ్మా. ఆరగానే పైకి తేలతాది. ఏం ఆయిలో ఏమో."

"కొబ్బరినూనె" అంది అవ్వ.

గిరాకీ లేని మధ్యాహ్నాల్లో తాత ఆ గోడకు తల ఆనించి కునుకు తీసేవాడట. అన్నేళ్ళ కునుకు ఆ మరక. అవ్వ దాన్ని ముట్టుకోలేదు. మెల్లగా తిన్నె ఎక్కి, కాళ్ళు మడుచుకుని, గోడకు ఆనుకుని కూర్చుంది. ఆమె తల మరకకు కిందే ఆగిపోయింది. మెడ సాచింది. అందలేదు.

"పొడుగు మనిషి" అంది నెమ్మదిగా.

నేను మడతపెట్టిన షామియానా గుడ్డ ఒకటి లాగి ఆమె కిందికి తోశాను. చాలలేదు. డెన్నిస్ అంకుల్ ఇంకొకటి ఇచ్చాడు.

"పెండ్లి పందిరి గుడ్డలన్నీ నా కిందనే వేస్తావా? చూసినోళ్ళు నవ్వరా?"

"నీ పెండ్లే అనుకో. లెయ్యి, ఇంగొకటి వేస్తాను."

మూడో మడతకు ఆమె నెరిసిన జుట్టు మరకకు ఆనింది. అవ్వ కళ్ళు మూసుకుంది. బజారులో ఎక్కడో ఆటో హారన్ కొట్టింది. డెన్నిస్ అంకుల్ చప్పుడు చేయకుండా బయటికి నడిచాడు.

"అవ్వా, నాలుగు గంటలకు బస్సుండాది" అన్నాను.

"సుమ్మనుండు." కళ్ళు తెరవలేదు. "నువ్వు పోయి వాకిట్లో నిలబడు. ఎవరన్నా వస్తే, ఆయన నిద్రపోతా ఉండాడు, మళ్ళా రాండి అని చెప్పు."

నేను వెళ్ళి వాకిట్లో నిలబడ్డాను.