ఎడమ స్తంభం దగ్గరి గొంతు

డ్రిల్లు టీచర్ మెడలో ఎప్పుడూ ఒక ఈల వేలాడుతూ ఉంటుంది గానీ, ఆవిడ దాన్ని ఊదగా చూసినవాళ్ళు లేరు. రెండు వేళ్ళు నోట్లో పెట్టుకుని ఈల వేసిందంటే మైదానం అవతల సైకిల్ మీద పోయేవాళ్ళు కూడా ఉలిక్కిపడి బ్రేకు వేస్తారు. నలభై దాటినా పెళ్ళి మాట ఎవరినీ ఎత్తనివ్వలేదు. అన్నావదినల ఇంట్లో మేడమీద గది ఆవిడది. మంచం కింద విరిగిన హాకీ కర్రలు, కిటికీలో టేపు చుట్టలు. "ఇది గదా, కట్టెల అడితా?" అని వదిన సణుగుతుంది గానీ, ఆ కర్రల మీది దుమ్ము తుడిచేది కూడా ఆ వదినే. వయసులో ఉండగా టీచర్ తనూ బాగా ఆడింది. మోకాలు పాడయ్యాక తను ఆడటం మానేసి, బడిలో ఆడపిల్లల చేత ఆడించడం మొదలుపెట్టింది.

ఆ పిల్లల్లో గోల్‌కీపర్‌ను అందరూ 'గోడ' అనేవారు. పేరుకు తగ్గట్టే గోలు స్తంభాల మధ్య నిలబడేది. బంతి ఎడమ స్తంభం వైపు వస్తే "నాదే!" అని ఒక్క కేక పెట్టేది. ముందు కాపు కాసే ఇద్దరు బ్యాక్‌లు వెనక్కి తిరిగి చూడకుండానే పక్కకు తప్పుకునేవాళ్ళు. అలా తప్పుకోవడం వాళ్ళకు టీచరే నేర్పింది. "కళ్ళు ముందుకి, చెవులు వెనక్కి" అని గొంతు పోయేలా అరిచి మరీ నేర్పింది. పోయిన ఏడు చివరి ఆటదాకా వెళ్ళి ఒక్క గోలు తేడాతో ఓడారు. ఈ ఏడు కప్పు మనదేనని పిల్లలు అప్పుడే గాల్లో తేలారు.

వానల్లో గోడకు జ్వరం వచ్చింది. జ్వరమే కదా అనుకున్నారంతా. వారం తిరక్కుండా పిల్ల పోయింది. అంత నిబ్బరమైన పిల్ల, అంత తేలిగ్గా ఎలా పోయిందో టీచర్‌కు ఇప్పటికీ మింగుడుపడదు.

మళ్ళీ ఆటల కాలం దగ్గరపడింది. గోలు దగ్గర ఎవరో ఒకరిని నిలబెట్టి సాధన మొదలుపెట్టారు. అప్పుడు బయటపడింది అసలు సంగతి. బంతి ఎడమ స్తంభం వైపు వస్తే చాలు, బ్యాక్‌లిద్దరూ పక్కకు తప్పుకుంటున్నారు. ఎవరూ పిలవకుండానే! బంతి తాపీగా గోల్లోకి దొర్లుతోంది.

"ఎందుకు వదిలేశావే?" అని టీచర్ పొడుగు బ్యాక్ మీద మండిపడింది.

పిల్ల ముఖం పాలిపోయింది. "పిలిచింది కదా టీచర్" అంది. వెంటనే నాలుక కరుచుకుంది.

టీచర్ బంతి తీసి మళ్ళీ మధ్యకు విసిరింది. ఆ గొంతు తనకూ వినిపించింది మరి. రోజూ వినిపిస్తూనే ఉంది. బడి మెట్లు దిగుతుంటే వినిపిస్తుంది, మేడమీద పంపు కింద ముఖం కడుక్కుంటుంటే వినిపిస్తుంది. వదినకు చెబితే మంచి డాక్టర్‌కు చూపిద్దామంటుందని నోరు మూసుకుంది.

పెద్ద టీచరమ్మ పిలిచి తేల్చి చెప్పింది. "శనివారం పక్క బడివాళ్ళతో ఆడించండి. పిల్లలు ఇలాగే భయపడుతుంటే ఈ ఏడు జట్టును దింపొద్దు. బాధకు బాధ, పైన నవ్వులపాలు ఎందుకు?" ఒక ఏడు మానితే ఈ పిల్లలు మళ్ళీ కర్ర పట్టరని టీచర్‌కు తెలుసు.

ఆ రోజు సాయంత్రం, అదే బడిలో కింది తరగతి చదివే గోడ చెల్లెలు వచ్చింది. అక్క ప్యాడ్లూ హెల్మెట్టూ బడికి తిరిగి ఇచ్చి రమ్మని వాళ్ళమ్మ పంపింది. ఇచ్చేసి పోకుండా కంచె దగ్గర నిలబడి ఆట చూసింది. కాసేపటికి ఎవరూ అడక్కుండానే ఆ ప్యాడ్లు తనే కట్టుకుని గోలు ముందుకు వచ్చింది. వీధిలో అక్కతో ఆడీ ఆడీ చేతులు తిరిగిన పిల్ల. కొట్టినవన్నీ ఆపింది. టీచర్‌కు ప్రాణం లేచొచ్చింది. తీరా చూస్తే పిల్ల నోరు విప్పదు. బంతి ఎడమ వైపు వస్తే బ్యాక్‌లు తప్పుకుంటారు, ఈ పిల్ల పిలవదు, తన వంతో కాదో తేల్చుకోలేక ఆలస్యంగా కదులుతుంది. మళ్ళీ గోలే.

"ఒక్కసారి అరవ్వే తల్లీ" అని టీచర్ బతిమాలింది. పిల్ల తల అడ్డంగా ఊపింది.

మర్నాడు టీచర్ ఆ పిల్ల తల్లి దగ్గరికి వెళ్ళింది. ఆవిడ ఇస్త్రీ కొట్టు నడుపుతుంది. చొక్కా కాలర్ మీద పెట్టె నొక్కుతూ, తల ఎత్తకుండానే చెప్పింది.

"ఇద్దరిదీ ఒకటే గొంతండీ. పెద్దది పోయాక ఒకరోజు ఇది లోపల్నుంచి 'అమ్మా' అంది. నేను పెద్దదాన్ని పేరు పెట్టి పిలిచి, 'వస్తున్నానే' అంటూ పరుగెత్తాను. గుమ్మంలో దీన్ని చూసి కూలబడిపోయాను. అప్పట్నుంచి ఇంట్లో గుసగుసగానే మాట్లాడుతోంది. నేను వద్దనలేదు. మాట్లాడమని కూడా అనలేదు. అదే నా తప్పు."

"శనివారం ఆటకి రండి అమ్మా."

"నేను చూడలేనండీ."

"చూడొద్దు. అటు తిరిగి కూర్చోండి. మీరు వచ్చారని పిల్లకు తెలిస్తే చాలు."

శనివారం ఆవిడ వచ్చింది. మైదానానికి వీపు పెట్టి బెంచీ మీద కూర్చుంది. ఒళ్ళో చేతులు బిగించి పట్టుకుంది. ఆట మొదలైన కాసేపటికే ఎడమ వైపు నుంచి ఒక గోలు పడింది. బ్యాక్‌లు తప్పుకున్నారు, గోలు ముందు పిల్ల నోరు మూసుకునే ఉంది. పెద్ద టీచరమ్మ నిట్టూర్చి చేతిసంచీ సర్దుకుంది.

అప్పుడు బెంచీ మీద నుంచి ఆ తల్లి, వెనక్కి తిరక్కుండానే, గట్టిగా కేకేసింది. "ఏమే! నోరు తెరిస్తే ముత్యాలు రాలిపోతాయా? నాకేం కాదు, అరవ్వే!"

మైదానంలో నవ్వబోయిన పిల్లలు కూడా నవ్వలేకపోయారు. బంతి మళ్ళీ ఎడమ వైపే వచ్చింది. పొడుగు బ్యాక్ అలవాటుకొద్దీ ఒక అడుగు పక్కకు వేసింది.

"నాదే!"

అదే కేక. ఆ సాగదీతే, చివర్న ఆ విరుపే. బ్యాక్‌లిద్దరూ తప్పుకున్నారు. ప్యాడ్‌కు తగిలిన బంతి దబ్బుమని శబ్దం చేసి బయటికి పోయింది. ఇన్ని నెలలుగా లోపల దాచుకున్నదంతా టీచర్ నోటివెంట ఒక్కసారిగా బయటపడింది.

"శభాష్ గోడా!"

అనేశాక గానీ తనేమన్నదో ఆవిడకు తెలియలేదు. గోలు ముందున్న పిల్ల హెల్మెట్‌లోంచి బెంచీ వైపు చూస్తూ కొయ్యబారిపోయింది. ఇంత చేసి, చివరికి తనే ఆ పిల్ల నోరు నొక్కేశాననుకుంది టీచర్.

బెంచీ మీద తల్లి లేచింది. మెల్లగా మైదానం వైపు తిరిగింది. కళ్ళు తుడుచుకోలేదు.

"గోడ కాదు టీచర్ గారూ" అంది, అందరికీ వినిపించేలా. "నేను అటు తిరిగి ఉన్నా గుర్తుపట్టాను. అది మా చిన్నది."