తొమ్మిది బాతుగుడ్లకు కాపలా

మొన్న చోడవరంలో మా పిన్ని ఇంటి గుమ్మంలో చెప్పులు విప్పుతుంటే, పెరటి వైపు నుంచి తడిసిన తవుడు వాసన, దాని వెనకే కాస్త బురద వాసన, ఆ రెంటి మధ్య ఎక్కడో లేత ఈకల వెచ్చటి వాసన కలిసి వచ్చి నా ముక్కును పట్టుకున్నాయి. ఎవరింట్లోనైనా అలాంటి వాసన వస్తే లోపల బాతుపిల్లలున్నాయని చెప్పొచ్చు. చాలామందికి అది ముచ్చట పుట్టించే వాసన. నాకు మాత్రం అనుమానం పుడుతుంది. నా తొమ్మిదో ఏట ఒక పొదుగు గంపకి కాపలా కాసినప్పుడు అంటుకున్న జబ్బు అది.

అప్పుడు మేమంతా ఒకే ఇంట్లో ఉండేవాళ్ళం. మాఘమాసపు చలి తగ్గీ తగ్గనట్టు ఉండేది, మా వీధి మీదుగా గోవాడ ఫ్యాక్టరీకి వెళ్ళే చెరుకు బళ్ళు తెల్లారింది మొదలు కిర్రుకిర్రుమంటూ సాగేవి, మేం పిల్లలం వెనక నుంచి చెరుకుగడలు లాగి, పట్టుబడితే గడతోపాటు చీవాట్లు కూడా నమిలేవాళ్ళం. మా చిన్నాన్నది కూడా చెరుకు బండే. ఫ్యాక్టరీ గేటు దగ్గర వరసలో రెండేసి రోజులు పడిగాపులు పడి, ఒంటినిండా చెరుకు మడ్డి వాసనతో ఇంటికొచ్చేవాడు. పిన్నితో అతనికి పెళ్ళై ఏడాది కాలేదు. కె.కోటపాడు అవతల చెరువు గట్టున ఉండే ఊరు ఆమెది, పుట్టింట్లో అన్నం వండటం కంటే ముందు బాతుల్ని మేపడం నేర్చుకుంది. ఒకసారి పుట్టింటికి వెళ్ళి వస్తూ బియ్యం డబ్బాలో ఒత్తుగా దూర్చి పదకొండు బాతుగుడ్లు తెచ్చింది.

బాతు గుడ్లు పెడుతుంది గానీ వాటి మీద కుదురుగా కూర్చోదు, అందుకని మావైపు పొదుగుకొచ్చిన కోడిపెట్ట కింద పెడతారు. పెట్ట ఉన్నది మా మామ్మ దగ్గర. మామ్మంటే నాన్నకీ చిన్నాన్నకీ తల్లి, ఇంటిల్లిపాదికీ పెద్ద, కోళ్ళ విషయంలో అయితే ఊరికే పెద్ద. గంప అడుగున బూడిద, దాని మీద ఎండుగడ్డి, ఉరుముకు గుడ్లు చెడకుండా ఒక ఇనప మేకు, దిష్టి తగలకుండా బొగ్గుముక్కా ఎండుమిరపకాయా పెట్టి గుడ్లు పేర్చింది. తర్వాత ఒక్కో గుడ్డు మీదా బొగ్గుతో అడ్డగీత గీసింది. ఎందుకంటే, పక్కింటివాళ్ళు రాత్రికి రాత్రి గుడ్లు మార్చేస్తారేమోనని. పక్కింట్లో కోళ్ళు లేవు, బాతులు లేవు, గుడ్డు తినే మనిషి కూడా లేడు. అయినా గీత గీసింది. మామ్మకి దేవుడి మీద నమ్మకం, మనుషుల మీద అపనమ్మకం సమపాళ్ళలో ఉండేవి.

ఏడో రోజున గదిలో తలుపులు మూసి, కిటికీ చిల్లులోంచి పడే ఎండకి ఒక్కో గుడ్డూ అడ్డం పెట్టి చూసింది. లోపల ఎర్రటి నరాలు సాలెగూడులా కనిపించినవి ఉంచింది, ఏమీ కనిపించని రెండింటిని తీసేసింది. తొమ్మిది మిగిలాయి. అక్కడి వరకూ బాగానే ఉంది. పదకొండో రోజు పొద్దున పెట్ట మేతకి దిగినప్పుడు గంపలోకి తొంగిచూసిన మామ్మ ఒక్క కేక పెట్టింది. తొమ్మిది గుడ్ల మీదా బొగ్గుగీతలు చెరిగి, మసి కారినట్టు ఉన్నాయి. ముట్టుకుంటే చల్లగా తడి.

మొదటి అనుమానం పిల్లి మీద. రెండోది చూరు మీద, కానీ వాన పడి మూడు నెలలైంది. మూడోది నా మీద, ఇంట్లో ఏది విరిగినా ఒలికినా వరసలో నా నంబరు ముందే ఉండేది కాబట్టి. నా చేతులు వాసన చూసి, నిర్దోషినని తేల్చి, మామ్మ నన్ను పక్కకి పిలిచింది.

"ఒసే గుంటా, రేపట్నుంచి నాను నడుం వాల్చినప్పుడు నువ్వు గంపకి కాపలా. ఎవులొచ్చేరో, ఏటి సేసేరో సూసి నా సెవిలో సెప్పు. ఇంకెవులికీ సెప్పీకు."

"మరి నాకేటిస్తావు?"

"మాడుగుల హల్వా ముక్క ఇస్తాను, ఫో."

పెట్టెలో గుడ్డ చుట్టి దాచిన హల్వా అది, నెయ్యి పెట్టె చెక్కలోకి కూడా దిగిపోయింది. దానికోసం గూఢచారిని కాదు, గుడ్డుచారిని అయ్యాను. వడ్ల గాదె వెనక గోనెసంచి కప్పుకుని కూర్చుంటే తుమ్ము వచ్చేది, ఆపుకుంటే కళ్ళంట నీళ్ళు వచ్చేవి. కాపలాలో రెండో మధ్యాహ్నం, పెట్ట నూకలు తినడానికి దిగగానే, పిన్ని చెంబుతో వచ్చింది. అటూ ఇటూ చూసింది. చెంబులో వేళ్ళు ముంచి గుడ్ల మీద చిలకరించింది. ఒక్కో గుడ్డునీ తిప్పుతుంటే పెదవులు కదిలాయి. మంత్రమే అనుకున్నాను. పాపం ఆమె గుడ్లు లెక్కపెట్టుకుంటోందని ఇప్పుడు తెలుసు.

అర నిమిషంలో మామ్మ చెవిలో ఉన్నాను, ఇంకో అర నిమిషంలో నా నోట్లో హల్వా ఉంది. మామ్మ ముఖం నల్లబడింది. అప్పటికి వారం కిందటే పిన్ని తన తమ్ముడి పెళ్ళికి నాలుగు రోజులు ముందుగా వెళ్తానని అడిగింది, మామ్మ వద్దంది. ఆ కసితోనే గుడ్లు మురగబెడుతోందని మామ్మకి ఒక్కసారిగా లెక్క కుదిరిపోయింది. సరిగ్గా అప్పుడే గోవాడ నుంచి చిన్నాన్న వచ్చాడు. కాళ్ళయినా కడుక్కోకుండా మామ్మ మంచం పట్టె మీద కూర్చుని, వంగి, మెల్లగా బతిమాలాడు.

"అమ్మా, అది రోజూ ఏడుస్తంది. నాలుగు రోజులు పంపించీయే."

"నీ పెళ్ళానికి నోరు లేదనుకున్నాను గానీ సేతులు బాగానే ఉన్నాయిరా," అంది మామ్మ. ఇంకేమీ చెప్పలేదు. చిన్నాన్నకి ఏమీ అర్థం కాలేదు, లేచి వెళ్ళిపోయాడు. నేను హల్వా నములుతూ మంచం కిందే ఉన్నాను. వంటింటి గుమ్మంలో పిన్ని నిలబడి తల్లీకొడుకుల గుసగుసలు దూరం నుంచి చూసింది.

ఆ సాయంత్రమే గంప మామ్మ గదిలోకి వెళ్ళింది. తాళం పడింది. పెట్టని మామ్మే స్వయంగా దింపేది, ఎక్కించేది. గడిచిన రోజుల్ని కూడా కలుపుకుని గోడమీద రోజుకో మసిగీత గీసేది. గుడ్లు మాత్రం పొడిగా ఉన్నాయి, మామ్మ సంతోషంగా ఉంది, నాకు హల్వా అయిపోయింది.

కోడిగుడ్డు ఇరవై ఒక్క రోజులకి పగులుతుంది. గోడమీద ఇరవై ఒక్క గీతలు పడ్డాయి, గుడ్లు పగల్లేదు. ఇరవై రెండో రోజు మామ్మ గంప తెచ్చి పెరట్లో పెట్టింది.

"మురిగిపోనాయి. నీళ్ళు జల్లి సంపేసింది నా కోడలు. పెంటమీద పారీండి."

పెళ్ళై వచ్చాక పిన్ని గొంతు పెంచడం అదే మొదటిసారి. పరుగున వచ్చి గంపకి అడ్డంగా కూర్చుంది.

"పారీకత్తా! బాతుగుడ్లకి నాలుగు వారాలు. తల్లిబాతైతే తడి రెక్కలతో వచ్చి కూకుంటాది. కోడి పొడిగా ఉంటాది కదా, అందుకే జల్లేను. నీళ్ళు లేపోతే లోపలి పొర ఎండిపోద్ది, పిల్ల బయటికి రాలేదు."

"మరి ముందే సెప్పడానికేటే?"

"సెప్తే ఇంటావేటి? నలభై ఏళ్ళు కోళ్ళు పెంచినదానికి పొదుగు నేర్పుతావా అంటావు."

మామ్మ అనబోయింది సరిగ్గా అదే. గంప మళ్ళీ గదిలోకి వెళ్ళింది. రోజూ మధ్యాహ్నం గోరువెచ్చని నీళ్ళు చిలకరించడానికి పిన్నికి అనుమతి దొరికింది, మామ్మ ఎదురుగా మాత్రమే.

ఇరవై ఎనిమిదో రోజు టిక్కు టిక్కుమని మొదలైంది. సాయంత్రానికి ఏడు పిల్లలు బయటపడ్డాయి, పసుపు ముద్దల్లా. మిగతా రెండు గుడ్లకీ చిల్లులు పడ్డాయి, ఆ చిల్లుల్లో ముక్కులు కనిపించాయి, అంతే. పిన్ని తడిగుడ్డ చుట్టి చూసింది, గోటితో పెంకు కొద్దికొద్దిగా వలిచింది. లోపలి పొర ఎండి కాగితంలా పిల్లలకి అంటుకుపోయింది. పొద్దుగూకేలోగా ఆ ముక్కులు కదలడం మానేశాయి. తాళం వేసిన ఆ రోజులు ఎవరివల్ల వచ్చాయో ఇంట్లో ఇద్దరికే తెలుసు. మామ్మ నావైపు చూడలేదు, నేను మామ్మవైపు చూడలేదు.

మిగిలిన ఏడింటిని పిన్ని పెంచిన తీరు చూడాలి. నానబెట్టిన నూకల్లో తవుడు కలిపి పెట్టేది, పక్కనే పళ్ళెంలో గులకరాళ్ళు పరిచి నీళ్ళు పోసేది. ముక్కు మునగాలి గానీ ఒళ్ళు మునగకూడదట. తల్లిబాతు దగ్గర పెరగని పిల్లల ఈకలకి నూనె అంటదట, తడిస్తే చలికి చస్తాయట. గడ్డి తడవగానే మార్చేది. పెట్ట మాత్రం ఆ ముక్కుల్ని చూసి అడుగు వెనక్కి వేసింది. "సెప్పుల్లాగున్నాయే ఈటి ముక్కులు," అని మామ్మ కూడా దానితో ఏకీభవించింది. కానీ మర్నాటి నుంచి ఆ గదికి తాళం వెయ్యలేదు. ఆమె క్షమాపణ చెప్పడం అంటే అదే.

మామ్మ ఎప్పుడో పోయింది. చిన్నాన్న పోయి మూడేళ్ళు. గంప పెట్టిన గది స్థానంలో ఇప్పుడు బైకు షెడ్డు ఉంది, వీధిలో బళ్ళ కిర్రుకిర్రు లేదు. మొన్న పెరట్లో బాతుపిల్లలకి తవుడు కలుపుతూ పిన్ని పాత మాటలు తవ్వింది.

"నీళ్ళు జల్లుతున్న సంగతి మీ సిన్నాన్నకొక్కడికే సెప్పేనమ్మా. గంపకి తాళం పడ్డ రోజే గోవాడ నుంచొచ్చి తల్లి సెవిలో ఊదీసేడు. నా కళ్ళతో సూసేను. అప్పట్నుంచి ఆ మనిషికి మనసులో మాట సెప్పలేదు. అన్నం పెట్టేను, పిల్లల్ని కన్నాను. మాట మాత్రం సెప్పలేదు."

"చిన్నాన్న ఏమీ అనలేదా?"

"నాను కాదే అనీవోడు. కంచం మీద సెయ్యేసి ఒట్టేసేడు. నమ్మలేదు."

హాస్యంగా చెబుదామనుకున్నాను, అలాంటివి అలాగే చెప్పి తప్పించుకోవడం నాకు అలవాటు. రాలేదు. గాదె వెనక నేనున్నానని చెప్పాను. మామ్మకి చెప్పింది నేనని చెప్పాను. ఆ మధ్యాహ్నం చిన్నాన్న వంగి వాళ్ళమ్మని అడిగింది ఆమెని పుట్టింటికి పంపమనేనని, మంచం కింద ఉండి నేను విన్నానని కూడా చెప్పాను.

పిన్ని చెయ్యి తవుడులో అలాగే ఉండిపోయింది. పిల్లలు ఆ వేళ్ళనే పొడుచుకుని తింటున్నాయి. కాసేపటికి లేచి, చేతులు కడుక్కుని, "పద, అన్నం తిందువు గాని," అంది.

పీట వేసింది. పప్పు వడ్డించింది, నెయ్యి వేసింది, అడగకుండానే రెండోసారి కూడా వడ్డించింది. నేను తిన్నంతసేపూ నాతో ఒక్క మాట మాట్లాడలేదు. మా చిన్నాన్న అన్నేళ్ళు ఎలా తిన్నాడో నాకు ఆ రోజు తెలిసింది.