ఉమామహేశ్వరరావు గారి మూడు పరీక్షలు

ఇంగ్లండులోని బేసింగ్‌స్టోక్‌లో మా ఉమామహేశ్వరరావు గారికి తెలియని పిస్తోలు లేదు. ఆయన ముట్టుకున్న పిస్తోలూ లేదు. ఈ దేశంలో మామూలు మనిషి చేతికి పిస్తోలు ఇవ్వరు. అయినా ఏది అరచేతిలో ఎలా ఒదుగుతుంది, ఏది చొక్కా కింద బాగా దాగుతుంది అని వీడియోలు చూసి పోల్చనిదే ఆయనకు ఇడ్లీ దిగదు.

"చేతికి కుదరాలి, ఒక్క చేత్తో లేవాలి, ఎవరి కంటా పడకూడదు. మూడే పరీక్షలండీ!" అంటారు.

నేను గరాజ్‌లో సొంతంగా వడ్రంగం నేర్చుకున్నవాణ్ణి. పనిలేని మాటలంటే నాకు ఒళ్లు మంట. ఓసారి ఆయన నా డ్రిల్లు పట్టుకుని పెదవి విరిచారు.

"పిడి లావండీ. మణికట్టు వంగుతోంది. గురి తప్పుతుంది."

"గోడకి గురేమిటి సార్? ఎదురుగానే ఉందిగా!"

ఆయన నేను బిగించిన అలమర వైపు చూశారు. అది కాస్త ఎడమకి ఒరిగిన మాట నిజమే.

పిస్తోలు లేని లోటు ఆవకాయ సీసాతో తీర్చుకునేవారు. నడుముకి గుడ్డసంచీ కట్టి, సీసాని కోటు కింద దాచి ఆఫీసుకు వెళ్లేవారు. ఒకరోజు మీటింగులో వంగితే మూత ఊడి, తెల్లచొక్కా మీద ఎర్రగా పాకింది. పక్కసీటు ఇంగ్లీషు పిల్ల కెవ్వుమని అంబులెన్స్‌కి ఫోన్ చేసింది.

"మూడో పరీక్ష పోయిందండీ" అని ఆయన దిగులు.

"చొక్కా పోయినందుకు కాదు, చూశారా!" అన్నారు వాళ్లావిడ పద్మజ గారు.

ఇంతలో రాజ్యం ఆంటీకి కష్టం వచ్చింది. మా తెలుగువాళ్ల కలయికకు నెలనెలా పులిహోర కలిపేది ఆవిడే. కీళ్లవాతంతో వేళ్లు బిగిసి, అందరి ముందూ చేతిలోంచి తెడ్డు జారిపోయింది. డాక్టరు క్లినిక్‌లో లావు రబ్బరు పిడి గరిటె ఒకటి ఇప్పించారు.

"చంటిపిల్లల చెంచాలా ఉంది. ఇది పట్టుకుని జనంలోకి రాను. ఇకనుంచి టేకవే తెప్పించుకోండి" అని ఆవిడ తేల్చేసింది.

ఉమామహేశ్వరరావు గారు ఆవిడ చెయ్యి పట్టుకుని వేలు వేలూ కొలిచారు.

"నా చేతికి తుపాకీ ఇస్తావా ఏమిటయ్యా?"

"పిడికిలి బిగించండి ఆంటీ. ఎంతవరకు వస్తే అంతే."

మర్నాడు నా దగ్గరికి వచ్చి ఆకురాయి అడిగారు.

"ట్రిగ్గరు కూడా పెడతారా?" అన్నాను. నవ్వి పట్టుకెళ్లారు. వారం తర్వాత తిరిగిచ్చినప్పుడు ఆయన నాలుగు వేళ్లకు ప్లాస్టర్లున్నాయి.

ఆదివారం కలయికకు ఆంటీ వచ్చింది. అదే పాత తెడ్డుతో గంపెడు పులిహోర కలిపింది. ఒక్కసారి కూడా జారలేదు.

గిన్నెలు కడగడం నా వంతు. తెడ్డు చేతిలోకి తీసుకున్నాక గాని తెలియలేదు. పిడి అడుగున లావెక్కింది, చెక్క అతికించినట్టుంది. ఒక్కో వేలికీ ఒక్కో పల్లం. నా చేతికి అసలు కుదరలేదు. రంగు పాత చెక్కదే. అతుకు ఎక్కడుందో వెతికాను. వడ్రంగిని, నాకే దొరకలేదు.

"సార్, ఈ పిడి..."

ఆయన ముఖం పాలిపోయింది. "కనపడిందా?"

"లేదు సార్. పట్టుకుంటే తెలిసింది."

"అయితే పాసే" అని మళ్లీ పులిహోర మీద పడ్డారు.

ఆ సాయంత్రం నా డ్రిల్లు తీసుకెళ్లి వాళ్ల గుమ్మంలో పెట్టి బెల్లు కొట్టాను. మణికట్టు నిజంగానే వంగుతోంది.